సినిమా పీజీ కోర్సుల్లో విదేశీ సహనిర్మాణాన్ని పాఠంగా పెట్టాలి

సంపాదకుల వారికి,

నమస్కారాలు.

నేను పాలకొల్లు వాస్తవ్యుడిని. ఇరవై ఆరేళ్లు సినిమా ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసి, గత ఎనిమిదేళ్లుగా సినిమా నిర్మాణంలో పీజీ చేస్తున్న విద్యార్థులకు అతిథి అధ్యాపకుడిగా పాఠాలు చెబుతున్నాను. కొత్త విద్యా సంవత్సరానికి పాఠ్యప్రణాళికలు సరిచూసుకునే రోజులివి గనుక, ఈ కోర్సులు నడిపేవారి దృష్టికీ, తమ పిల్లలను వాటిలో చేర్చబోతున్న గోదావరి జిల్లాల తల్లిదండ్రుల దృష్టికీ ఒక విషయం తీసుకురావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. వేరే దేశపు సినిమావారితో కలిసి ఒక చిత్రం ఎలా తీయాలన్నది నేను చూసిన తరగతుల్లో ఎవరూ నేర్పడం లేదు. కెమెరా, ఎడిటింగ్, శబ్దగ్రహణం నేర్పినట్టే దానినీ ఒక విద్యగా, మార్కులున్న పాఠంగా, చేతితో చేసి నేర్చుకునే పనిగా పెట్టాలన్నది నా విన్నపం.

ఈ మాట అనగానే చాలామంది విదేశాల్లో షూటింగ్ గురించి మాట్లాడుతున్నాననుకుంటారు. మనవాళ్లు విదేశాలకు వెళ్లి చిత్రీకరించడం ఎప్పటినుంచో ఉన్నదే. 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని రాజభవనం ఎదుట చిత్రీకరించిన తెలుగు పాట 2023లో ఆస్కార్ అందుకున్నప్పుడు మా వీధిలో పిల్లలు టపాసులు కాల్చారు, నేనూ వారితోపాటు నిలబడ్డాను. అయితే అలాంటి షూటింగుల్లో కథ మనది, నిర్ణయాలు మనవి, చాలాసార్లు వంటవాళ్లు కూడా మనవాళ్లే. అక్కడివారు అనుమతులు తెచ్చి, వాహనాలు సమకూర్చి, రోడ్డు ఖాళీ చేయించి పెడతారు. విదేశీ బృందాలు మన గోదావరి మీదికి వచ్చినప్పుడు ఆ పని మన పిల్లలు చేస్తారు. పడవ మాట్లాడటం, జనాన్ని పోగుచేయడం, పంచాయతీవారిని ఒప్పించడం, మధ్యాహ్నానికి భోజనాలు తెప్పించడం వారి వంతు. రెండు చోట్లా పని గౌరవమైనదే, నేను బతికిందీ దానితోనే. కానీ కథలో ఈ దృశ్యం ఉండాలా వద్దా అని వారిని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న ఇరువైపులవారినీ అడిగి, ఇద్దరి జవాబుతో తీసిన సినిమానే నేను సహనిర్మాణం అంటున్నాను.

మన ప్రాంతానికి బయటి చేతులతో కలిసి పనిచేయడం కొత్త కాదు. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య తన కుమారుడు ప్రకాశ్‌ను సినిమా విద్య నేర్చుకోవడానికి ఇంగ్లండుకు పంపారు; ప్రకాశ్ తిరిగివచ్చి 1921లో మూకీ చిత్రం తీశారు. కాకినాడకు చెందిన సి. పుల్లయ్య కలకత్తా వెళ్లి, అక్కడి ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ వారి కోసం, వారి స్టూడియోలో తీసిన తెలుగు లవకుశ 1934లో వచ్చింది. రెండేళ్లు తిరక్కముందే, 1936లో, రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ స్టూడియో నెలకొల్పారు. బయటికి వెళ్లి భాష రాని చోట సాంకేతికులతో తలపడి పని నేర్చుకున్న తరం అది. వారికి తరగతి గది లేదు గనుక అనుభవమే బడి అయింది. ఇప్పుడు రెండేళ్ల కోర్సు ఉంది, ఉపాధ్యాయులున్నారు, ఇంటర్నెట్ ఉంది. అయినా మన పిల్లలు వారిలాగే దెబ్బలు తిని నేర్చుకోవాలనడం నాకు సబబుగా తోచదు.

ఇక్కడ నర్సాపురం లేసు పని గుర్తుకు వస్తుంది. 1840లలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నేర్పిన అల్లిక అది. తీర గ్రామాల ఆడవాళ్లు తరతరాలుగా అల్లి పంపుతున్న ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. మా మేనత్త జీవితమంతా లేసు అల్లింది. డిజైను బయటినుంచి వచ్చేది, దారం వచ్చేది, అల్లినది వెళ్లిపోయేది; అది ఏ దేశంలో ఏ బల్ల మీద పరుస్తారో, ఎంతకు అమ్ముతారో ఆమెకు చివరిదాకా తెలియలేదు. ఆమె అల్లికలో లోపం లేదు. ఆమెను ఆ మాటల దగ్గరికి ఎవరూ పిలవలేదు, పిలిస్తే ఏమి అడగాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. కెమెరా బాగా పట్టగలిగిన, శబ్దం శుభ్రంగా తీయగలిగిన మన పీజీ విద్యార్థిని చూసినప్పుడు నాకు కలిగే భయం అదే.

ఈ భయానికి నా సొంత అనుభవమే కారణం. కొన్నేళ్ల క్రితం మా విద్యార్థులు అయిదుగురు, యూరపులోని ఒక సినిమా విద్యాసంస్థ విద్యార్థులు అయిదుగురు కలిసి ఒక లఘుచిత్రం తీయడానికి పూనుకున్నారు. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. విషయం నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి దాటించే పంటు. వంతెన కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న ఆ రేవు సంగతి మీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అటువైపు విద్యార్థులు రాసుకున్న కథలో పంటు నడిపే ఒక ముసలి సరంగు ఒంటరిగా నది మీద ఉంటాడు; వంతెన వస్తే తన బతుకు ఏమవుతుందని మౌనంగా నీళ్లను చూస్తుంటాడు. మావాళ్లు అనుకున్నది పంటు ఒక్క విడత దాటడం. చేపల గంపలతో ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, మోటారు సైకిళ్లు, పెళ్లికి వెళ్లే కుటుంబం, వారి మాటలు, వారి తగవులు. అటువారు ఇక్కడికి వచ్చినప్పుడు జనాన్ని దింపేసి ఖాళీ పంటు మీద ముసలాయన్ని తీయాలన్నారు. ఆయన మా విద్యార్థినితో, "జనం లేకపోతే పంటు ఎందుకు కదులుద్దండీ అమ్మాయిగారూ?" అన్నాడు. ఆ అమ్మాయి ఆ ప్రశ్నను అటువారికి అనువదించి చెప్పలేదు. అతిథులు నొచ్చుకుంటారనుకుంది.

న్యాయానికి అటువారి చూపులోనూ విలువ ఉంది. ముసలాయన చేతులను, తాడు ఒరుసుకుని అరచేతిలో పడిన గట్లను, ఇంజను ఆపిన తరువాత కొన్ని క్షణాలు వినిపించే నీటి చప్పుడును వారు పట్టుకున్నారు. రోజూ ఆ రేవు దాటే మా పిల్లలకు అవి కనబడలేదు, వినబడలేదు. రెండు చూపులూ ఒకే చిత్రంలో కలిసి ఉంటే అది ఎంత మంచి చిత్రమై ఉండేదో అని నేను ఇప్పటికీ అనుకుంటాను. కలవకపోవడానికి కారణం ప్రతిభ లేకపోవడం కాదు, అభిప్రాయభేదాన్ని బయటపెట్టే పద్ధతి ఇరువైపులా తెలియకపోవడం.

మా గోదావరి మాటలో "ఆయ్" అన్న పలుకు ఒకటుంది. ఎదుటివారు చెబుతున్నది వింటున్నామని, వారి పట్ల మర్యాద ఉందని తెలపడానికి మాటమాటకూ ఆయ్ అంటాం. చెప్పినదానికల్లా ఒప్పుకున్నామని దాని అర్థం కాదు. వీడియో సమావేశాల్లో మా పిల్లలు ఇంగ్లీషులో "ఓకే" అన్నప్పుడల్లా మనసులో అంటున్నది ఆ ఆయ్. అటువారు దానిని అంగీకారంగా రాసుకున్నారు. "చూద్దామండీ" అంటే మన దగ్గర చాలాసార్లు వద్దని అర్థం. వారు నిజంగానే చూస్తారని వారం రోజులు ఎదురుచూశారు. వారి వైపునుంచి ఒకరు "ఈ దృశ్యం బాగాలేదు, తీసేద్దాం" అని సూటిగా అంటే, మావాళ్లు దానిని దృశ్యం మీద వ్యాఖ్యగా కాక తమ మీద మాటగా తీసుకుని ఆ రాత్రి భోజనం చేయలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కాదనే మాటను ఏ సమాజం ఎలా అంటుందో ముందే కూర్చుని మాట్లాడుకుని ఉంటే సరిపోయేది. పీజీ తరగతిలో మొదటి రెండు వారాలు ఈ ఒక్క విషయానికే కేటాయించినా ఎక్కువ కాదని నా అభిప్రాయం.

గడియారం కూడా మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. మధ్య యూరపు దేశాలకు మనకు వేసవిలో మూడున్నర గంటలు, శీతాకాలంలో నాలుగున్నర గంటల తేడా. అక్కడ మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు మారుస్తారు, మనం మార్చము. అక్టోబరు మార్పు మరుసటి రోజు, ఎప్పటిలాగే సాయంత్రం 7 గంటలకు మావాళ్లు కంప్యూటరు ముందు కూర్చున్నారు. 8 గంటలదాకా అవతల ఎవరూ రాలేదు. ఆ గంటసేపు గదిలో పేరుకున్న అవమానభావం ఆ తరువాత వచ్చిన క్షమాపణతో పోలేదు.

సాంకేతిక విషయాలు ఇంతకంటె సులువుగా పరిష్కారమయ్యేవే, అయినా నష్టం చేశాయి. మావాళ్లు సినిమా అలవాటుకొద్దీ సెకనుకు 24 ఫ్రేములతో తీశారు. అటువారి ఎడిటింగ్ వారి టెలివిజన్ ప్రమాణం ప్రకారం 25 ఫ్రేములతో సాగింది. ఫ్రేములను అలాగే తీసుకుని 25తో నడిపిస్తే నిమిషం బొమ్మ 57.6 సెకన్లలో అయిపోతుంది, విడిగా రికార్డు చేసిన శబ్దం మాత్రం నిమిషమే ఉంటుంది. పెదవులకూ మాటకూ పొత్తు తప్పింది. దానిని సరిచేయడానికి శబ్దం వేగం పెంచితే ముసలాయన గొంతు సన్నబడింది. రేవు పక్క టీకొట్టులో ట్యూబ్‌లైటు కింద తీసిన దృశ్యం అలలు అలలుగా మినుకుమంది. 50 హెర్ట్జ్ కరెంటున్న చోట 24 ఫ్రేములతో తీసేటప్పుడు షట్టరును 172.8 డిగ్రీలకు పెట్టుకోవాలన్నది మావాళ్లకు పుస్తకంలో తెలుసు, హడావిడిలో మరిచారు. భాగస్వామి అమెరికాలోనో కొరియాలోనో ఉంటే అక్కడ కరెంటు 60 హెర్ట్జ్ గనుక లెక్క మళ్లీ మారుతుంది. ఏ ఫ్రేము రేటు, ఏ రిజల్యూషన్, ఏ టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ వేసే సమయపు గుర్తు), ఫైళ్లకు ఏ పేరు పెట్టే పద్ధతి అన్నవి ఇరు బృందాలూ ఒక పేజీ మీద రాసి సంతకాలు చేసుకోవడానికి అరగంట చాలు. ఆ అరగంట మేము వెచ్చించలేదు.

అన్నిటికంటె బాధించినది చివర జరిగింది. ఎడిటింగ్ పూర్తయిన చిత్రాన్ని మాకు చూపకుండానే అటువారు ఒక విద్యార్థి చిత్రోత్సవానికి పంపారు. పేర్ల వరుసలో కథ, దర్శకత్వం, ఛాయాగ్రహణం వారివి. మా అయిదుగురి పేర్లు చివర "స్థానిక సహాయం" అన్న శీర్షిక కింద వచ్చాయి. ఆ చిత్రంలోని బొమ్మల్లో సగానికి పైగా తీసినది మా విద్యార్థిని. ఆమె ఏడవలేదు, నాతో ఏమీ అనలేదు, తరువాతి సెమిస్టరులో కెమెరా మానేసి వేరే విభాగానికి మారింది. నేను ఆ సంస్థకు ఉత్తరం రాశాను. వ్రాతపూర్వకమైన ఒప్పందమేమైనా ఉందా అని జవాబు వచ్చింది. లేదు. పాతికేళ్లు లారీల అద్దెకు కూడా కాగితం రాయించుకున్నవాడిని, పిల్లల విద్యార్థి చిత్రమే కదా అని ఆ ఒక్క చోట అడగలేదు. ఆ లోపం నాది.

ముసలి సరంగు సంగతి కూడా చెప్పాలి. ఆయన చేత ఒక అనుమతి పత్రం మీద వేలిముద్ర వేయించారు. అది ఇంగ్లీషులో ఉంది, దానిని ఆయనకు తెలుగులో చదివి వినిపించినవారు లేరు. "ఇది ఎక్కడ ఆడుద్దండీ?" అని ఆయన అడిగితే మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎవరి ముఖాన్ని మనం ప్రపంచానికి చూపిస్తున్నామో వారికి వారి భాషలో విషయం చెప్పి ఒప్పించుకోవడం సహనిర్మాణంలో మొదటి బాధ్యత అని నేను ఇప్పుడు ప్రతి బ్యాచికీ చెబుతున్నాను.

ఇదంతా విద్యార్థి దశలో చిన్న విషయంలా కనిపించవచ్చు, కాని బయట అసలు వ్యవహారం ఇలాంటి కాగితాల మీదే నడుస్తోంది. మన దేశానికి ఫ్రాన్సు, బ్రిటన్, ఇటలీ, జర్మనీ, కెనడా, దక్షిణ కొరియా వంటి అనేక దేశాలతో సినిమా సహనిర్మాణ ఒప్పందాలున్నాయి. వాటి ప్రకారం ఆమోదం పొందిన చిత్రాన్ని రెండు దేశాల్లోనూ స్వదేశీ చిత్రంగానే పరిగణిస్తారు, అందుచేత రెండు చోట్లా ఉన్న ప్రోత్సాహకాలకు అర్హత వస్తుంది. బ్రిటన్‌తో ఉన్న ఒప్పందంలో చిన్న భాగస్వామి వాటా కూడా కనీసం 20 శాతం ఉండాలి. విదేశీ చిత్రాలు మన దేశంలో పెట్టే ఖర్చులో 40 శాతం వరకు, గరిష్ఠంగా 30 కోట్ల రూపాయల దాకా ప్రోత్సాహకం ఇస్తామని కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రకటించింది. గోవాలో 2007 నుంచి జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ నడుపుతున్న ఫిల్మ్ బజార్‌లో సహనిర్మాణం కోసం కథలు పట్టుకుని వచ్చేవారికి ప్రత్యేక వేదిక ఉంది. కెమెరాలు, లెన్సులు తాత్కాలికంగా సరిహద్దు దాటించి సుంకం కట్టకుండా తిరిగి తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నెట్ అనే పత్రం ఉంది. ఈ నాలుగు మాటలూ తెలియకుండా సినిమా నిర్మాణంలో పీజీ పట్టా చేతికి వస్తోందంటే ఆ పట్టాలో ఏదో వెలితి ఉన్నట్టే.

2024లో కాన్స్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి గెలిచిన భారతీయ చిత్రాన్ని తీసిన పాయల్ కపాడియా పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివారు. ఆ చిత్రంలో మన దేశంతోపాటు ఫ్రాన్సు, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, ఇటలీ నిర్మాణ భాగస్వాములు. ఒక దేశపు నిధి ఇచ్చినప్పుడు ఆ దేశపు సాంకేతికులకో, అక్కడి స్టూడియోకో కొంత పని ఇవ్వాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. అలాంటి షరతుల మధ్య తన కథను తనదిగానే నిలబెట్టుకోవడం చిన్న విద్య కాదు. ముంబయిలో మలయాళ నర్సుల కథను అలా నిలబెట్టగలిగినప్పుడు, అమలాపురంలో కొబ్బరి దింపేవారి కథనో, భీమవరంలో రొయ్యల చెరువు కాపలాదారు కథనో నిలబెట్టలేకపోవడానికి కారణం లేదు.

రొయ్యల మాట వచ్చింది గనుక ఒకటి చెబుతాను. 2009లో వనామీ రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చిన తరువాత మా చుట్టుపక్కల రైతులు విదేశీ కొనుగోలుదారు అడిగే కాగితాలన్నీ నేర్చుకున్నారు. ఏ యాంటీబయాటిక్ వాడకూడదో, ఏ పరీక్ష నివేదిక జతచేయాలో, సరుకు తిప్పి పంపితే ఎవరు భరించాలో పదో తరగతి చదివిన రైతు గడగడా చెబుతాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అవసరం నేర్పింది, నష్టం నేర్పింది, తోటి రైతులు నేర్పారు. మన పీజీ విద్యార్థికి అంతకంటె మెరుగ్గా నేర్పే బాధ్యత విశ్వవిద్యాలయాలది.

ఇంగ్లీషు విషయం తరచూ అడ్డంగా వస్తుంది. సహనిర్మాణం అంటే ఇంగ్లీషు బాగా వచ్చినవారికే అని కొందరు అధ్యాపకులు ముందే విద్యార్థులను వడపోస్తారు. దీనిని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. మా పంటు చిత్రంలో జరిగిన అనర్థాలకు మూలం ఇంగ్లీషు రాకపోవడం కాదు. ఇంగ్లీషు వచ్చిన అమ్మాయే ముసలాయన ప్రశ్నను మింగేసింది. విద్యార్థి తన ఆలోచనను మొదట తెలుగులో పూర్తిగా రాయాలి, ఆపైన దానిని అనువదించాలి, అనువాదంలో ఏమి పోయిందో మార్జిన్‌లో రాయాలి. అవతలి విద్యార్థి కూడా తన భాషలో రాసి అలాగే చేయాలి. రెండు పక్షాలూ మూడో భాషలో కష్టపడుతున్నప్పుడు ఎవరి మీద ఎవరికీ ఆధిక్యం ఉండదు. మా తరగతిలో ఒక కుర్రవాడు "పాటు" అన్న మాటకు ఇంగ్లీషు వెతుకుతూ, నీరు సముద్రానికి వెనక్కి తీసేటప్పుడు పంటు ఎక్కడ ఆగుతుందో, జనం బురదలో ఎంత దూరం నడుస్తారో పేజీన్నర రాశాడు. ఆ పేజీన్నర అతని దృశ్యం అయింది.

దీనికి డబ్బు ఎక్కడిదని అడిగేవారికి ఒక సంగతి చెప్పాలి. రెండు దేశాల తరగతులు ప్రయాణం లేకుండా కలిసి చదివే పద్ధతిని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 2006లో ఒక కేంద్రంగా ఏర్పాటు చేసింది. కాయిల్ అనే పేరుతో అది ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. ఆ ఆలోచన పుట్టిందే ఒక సినిమా అధ్యాపకుడి వీడియో నిర్మాణ తరగతిలో. అంటే ఇది మన విద్యకు బయటినుంచి అతికించవలసిన పద్ధతి కాదు, మన విద్యలోనుంచే వచ్చినది. విమానం టికెట్లు అక్కరలేదు. ఇరువైపులా పట్టుదల ఉన్న ఒక్కొక్క అధ్యాపకుడు, పిల్లల కంటె ముందు వారిద్దరి మధ్య కుదిరిన స్పష్టమైన ఒప్పందం ఉంటే మొదలుపెట్టవచ్చు.

నేను ఇటీవల చేయిస్తున్న అభ్యాసం ఒకటి ఇక్కడ వివరిస్తాను, ఎందుకంటే దీని ఫలితం కళ్లారా చూశాను. రేవు దగ్గర తీసిన గంట రషెస్, అంటే ఇంకా ఎడిట్ చేయని బొమ్మలు, రెండు బృందాలకూ ఇస్తాను. రెండు బృందాలు ఒకరితో ఒకరు మాట్లాడకుండా అయిదు నిమిషాల చిత్రం ఎడిట్ చేయాలి. తరువాత రెండూ పక్కపక్కన చూస్తాం. ఒకే బొమ్మల నుంచి ఎంత భిన్నమైన కథలు వస్తాయో చూసి పిల్లలు నివ్వెరపోతారు. అప్పుడు మూడో ఎడిట్ కలిసి చేయాలి, ప్రతి కోతకూ ఇద్దరి సంతకం ఉండాలి. మొదటి రోజు నలభై కోతల మీద పోట్లాడుకుంటారు. రెండో వారానికి, ఎదుటివారు ఫలానా కోత ఎందుకు కోరుతున్నారో వారి కంటె ముందే చెప్పగలుగుతారు. ప్రస్తుతానికి దీనిని ఒకే తరగతిలోని రెండు జట్ల మధ్య చేయిస్తున్నాను. రెండో జట్టు మరో దేశంలో ఉంటే దీని విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. మార్కులు చిత్రానికి కాక, విద్యార్థి రాసిన రోజువారీ పనిపుస్తకానికి, కుదుర్చుకున్న ఒప్పందానికి, అభిప్రాయభేదం పరిష్కరించిన తీరుకు వేయాలి. చిత్రం పూర్తి కాకపోయినా, ఎందుకు పూర్తి కాలేదో నిజాయితీగా రాసిన విద్యార్థి ఉత్తీర్ణుడు కావాలి.

భాగస్వాములు యూరపులోనే ఉండాలని లేదు. మన డెల్టాకు దగ్గరి బంధువులు వేరే చోట్ల ఉన్నారు. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో వరి, రొయ్య, పడవ రేవు, పొలాల్లోకి వచ్చే ఉప్పునీరు అన్నీ మనవాటిలాగే ఉంటాయి. గడియారంలో గంటన్నర మాత్రమే తేడా. బంగ్లాదేశ్‌కు అరగంటే తేడా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన పల్లెల బతుకు ఎలా మారిందో చెప్పే కథకు, అక్కడి కాలువల కథ జత అవుతుంది. ఒకరి నదిని మరొకరు కొత్తగా చూడాల్సిన పని ఉండదు గనుక, అందమైన లొకేషన్ దగ్గర ఆగిపోకుండా నేరుగా మనుషుల దగ్గరికి వెళ్లవచ్చు. ఫ్రాన్సుతోనే చేయదలిస్తే పొరుగున యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ ఊళ్లో, గోదావరి మరో పాయ అయిన గౌతమి ఒడ్డున, రెండు దేశాల జ్ఞాపకాలూ ఉన్న కుటుంబాలున్నాయి. ఇండో ఫ్రెంచి విద్యార్థి చిత్రానికి అంతకంటె సహజమైన చోటు నాకు తోచడం లేదు.

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున, సినిమా చెట్టుగా పేరుపడిన నిద్రగన్నేరు చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయింది. నా ఉద్యోగంలో ఆ చెట్టు నీడన ఎన్ని షెడ్యూళ్లు నడిపానో లెక్క లేదు. కూలిన మర్నాడు వెళ్లి చూశాను. అక్కడికి చేరినవారిలో జూనియర్ ఆర్టిస్టులను తెచ్చినవారు, టిఫిన్లు అందించినవారు, పడవ నడిపినవారు ఉన్నారు. అందరి దగ్గరా ఆ చెట్టు కింద తీసిన సినిమాల జ్ఞాపకాలున్నాయి, ఆ సినిమాల్లో వారి పేర్లు మాత్రం లేవు. వారి పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు సినిమా కోర్సుల్లో ఉన్నారు.

రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వారు, హైదరాబాదులో సినిమా కోర్సులు నడుపుతున్నవారు ఈ విషయం పరిశీలించి, కనీసం ఒక సెమిస్టరును సహనిర్మాణ చిత్రానికి కేటాయించాలని, ఆ సెమిస్టరులో మొదటి నాలుగు వారాలు కెమెరా ముట్టకుండా ఒప్పందం, భాష, బాధ్యతల మీదే పనిచేయించాలని కోరుతున్నాను. విద్యార్థుల మధ్య కుదుర్చుకునే ఒప్పందం నమూనాను, చిత్రంలో కనిపించేవారికి చదివి వినిపించవలసిన అనుమతి పత్రాన్ని నేను తెలుగులో రాసి సిద్ధం చేశాను. పేర్ల వరుస ఎవరు నిర్ణయిస్తారు, చివరి ఎడిట్‌కు ఎవరి సంతకం కావాలి, చిత్రోత్సవాలకు పంపే ముందు ఎన్ని రోజులు గడువు ఇవ్వాలి, రషెస్ ప్రతి ఎవరి దగ్గర ఉండాలి అన్నవి అందులో ఉన్నాయి. వాటిని ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. కావలసిన అధ్యాపకులకు మీ కార్యాలయం ద్వారా అందజేయగలరని ప్రార్థన.

ఇట్లు
భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రొడక్షన్ మేనేజర్,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా